బొంతయు, వలయు, గ్రంథమును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నాకు ముందు మాట్లాడిన పెద్దలు కావ్యములను గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు సెలవిచ్చిరి. నేను పండితుడను గాను. 1984లో కరణీకములు రద్దయినప్పుడు మా తండ్రిగారి అధికారము పోయినది గాని, లెక్క వ్రాయు అలవాటు మా యింటిని విడిచిపోలేదు. పేటలోని సంఘములకు జమాఖర్చులు వ్రాయుట నా వృత్తి. సాయంకాలములందు ఇచ్చటి బల్లమీద నిఘంటువు ప్రక్కన బెట్టుకొని భారతమును, భర్తృహరిని కూడబలుకుకొని చదువుట నా వ్యసనము. ఈ రెండింటికి నడుమ నిలుచు వస్తువు నొకదానిని గూర్చి నేడు మాట్లాడదలచితిని. అది బొంత.

కొందరు నవ్వుచున్నారు. రజతోత్సవ సభలో పాతగుడ్డల ప్రసంగమేమని వారి భావము గాబోలు. మంచముపై పరచుకొనెడి ప్రతి బొంతను గూర్చియు నేను చెప్పబోవుట లేదు. ఒక మనిషిని మనసునందుంచుకొని, ఆ మనిషికి కావలసినవారి బట్టలనుండి రంగురంగుల ముక్కలు కత్తిరించి, కూర్చి, చేతితో కుట్టి, కానుకగా నిచ్చెడి బొంతను గూర్చి చెప్పెదను. అట్టి బొంతలు మన పేటలో నానాటికి తగ్గిపోవుచున్నవి. ఎందుకు తగ్గుచున్నవో, తగ్గినచో మనకు కలుగు నష్టమెంతో ఒకమారు లెక్క చూచుకొనవలెనని నా కోరిక. చివర ఒక మనవి కూడ కలదు.

మనది జాలరిపేట. జాలమనగా వల; ఆ మాటనుండియే మన పేటకు పేరు వచ్చినది. వలను అల్లుదుము. అల్లుట యను మన తెలుగు క్రియ యెంత విశాలమైనదో చూడుడు. బుట్ట అల్లుదుము, పూలమాల అల్లుదుము, ఊలు అల్లుదుము, కథ అల్లుదుము, పద్యమును గూడ అల్లుదుము. సంస్కృతమున గ్రంథ శబ్దమునకు కూర్చుట, కట్టుట యని అర్థము. గ్రంథి యనగా ముడి. తాటియాకులకు రంధ్రము చేసి, త్రాడు గ్రుచ్చి కట్టిన పొత్తమును గ్రంథమనుటలో ఆ యర్థము నేటికిని నిలిచియున్నది. ఈ లెక్కన వేలకొలది ముళ్ళుగల వల కూడ గ్రంథమే. మన పేటలో గ్రంథకర్తలకు కొదువ లేదని నేను ధైర్యముగా చెప్పగలను.

అయితే అల్లికలన్నియు నొక్కటి కావు. వల అల్లువాడు వెదురు సూదికి దారము చుట్టి, కన్ను కొలతకొరకు ఒక చెక్కముక్కను పట్టి, కన్ను తరువాత కన్ను ముడివేయును. ఏ కన్ను కా కన్ను విడిగా ముడిపడియుండుట చేత ఒకటి తెగినను మిగిలిన వల విప్పుకొనిపోదు. రెండు సూదులతో అల్లిన ఊలు దుప్పటిలో ముడులుండవు, మెలికలే యుండును. ఒక మెలిక జారినచో దాని క్రిందిది, దాని క్రిందిది జారుచు పోవును. అందుచేతనే కొందరు కొక్కెపు సూదితో చిన్న చిన్న చదరములు అల్లి, రంగులు చూచుకొని ఒకదానికొకటి కలుపుదురు. ఇంట మిగిలిన ప్రతి ఊలు కొసయు అందులో నిముడును. అదియు మంచి కానుకయే. కాని మన సముద్రపు ఉక్కలో ఊలు కప్పుకొనుట శిక్షయగును. అరకు, పాడేరు, లంబసింగి వైపు చలికి అది తగును. మన తీరమునకు నూలు బొంతయే తగినది.

బొంత కుట్టు విధము ఇచటి తల్లులకు నేను చెప్పనక్కరలేదు. ఈ సంచిక చదువబోవు పిల్లలకొరకు చెప్పెదను. మొదట కావలసినది కొత్తబట్ట కాదు, పాతబట్ట. ఏండ్ల తరబడి కట్టి, నూరుమార్లు ఉతికి, గంజియు బిరుసును పోయి, వెన్నవలె మెత్తనైన నూలుచీర. దానిని నేలపై పరచి, చిరిగిన పంచెలు, తువాళ్ళు దానిపై పొరలుగా వేసి, ముడుత లేకుండ అరచేతితో సవరించి, నాలుగు మూలలను రాళ్ళుంచుదురు. పైపొరగా రంగుల ముక్కలు వచ్చును. అంచులు లోనికి మడిచి చుట్టును ఒక కుట్టు వేసిన పిమ్మట, అంచునుండి నడుమకు వ్రేలెడు ఎడముతో వరుసలు సాగును. ఎదురెదురుగా ఇద్దరు కూర్చున్నచో పనియు వేగము, మాటలును వేగము. సూది పొరలన్నింటిని పట్టవలెను. పై రెండు పొరలనే పట్టినచో మొదటి ఉతుకులోనే లోపలి గుడ్డ ఒక మూలకు జేరి ఉండగట్టును. పొరకు పొరకు నడుమ నిలిచిన గాలియే చలిని ఆపునది. కుట్టు ఆ పొరలను కదలనీయక పట్టి యుంచును.

చేపలు అమ్ముకొని వచ్చి, ఇంత అన్నము తిని, మరల పొయ్యి రాజేయునంతవరకు దొరకెడి రెండు గంటలే మన స్త్రీలకు దీనికి సమయము.

ఇక ముక్కల కూర్పు. నేర్పంతయు నందే యున్నది. పుట్టబోవు బిడ్డకు కుట్టునప్పుడు తాత తలపాగా ముక్క తలవైపు, అమ్మమ్మ చీర చెంగు చెంపకు తగులు చోట, తండ్రి లుంగీ కాళ్ళవైపు వేయుట నేను చూచితిని. పుట్టిన బిడ్డను మొదట పాతగుడ్డలో చుట్టుట మన పెద్దల ఆచారము. దిష్టి తగులదందురు. దిష్టి మాట యెట్లున్నను, కొత్తబట్ట బిరుసు లేతచర్మమునకు గుచ్చుకొనును, పాతనూలు గుచ్చుకొనదు. ఆచారమునకు వెనుక నొక యనుభవము కలదు.

దూరదేశమునకు వేటకు పోవు కొడుకునకు కుట్టు బొంత మరియొక రకము. ఉత్తరాంధ్ర తీరమునుండి మగవారు గుజరాతులోని వెరావలు వరకు పనికి పోవుట మనమెరిగినదే. అట్లు పోయినవారిలో కొందరు 2018 నవంబరులో సముద్రముపై పాకిస్తానువారికి పట్టుబడి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. కొడుకు రైలెక్కునప్పుడు తల్లి వాని మూటలో బొంత నెందుకు పెట్టునో ఈ సంగతి తెలిసినవారికి వేరుగ చెప్పవలెనా? అందు చెల్లెలి పరికిణీ ముక్క యుండును, తండ్రి పంచె యుండును, తల్లి పెండ్లినాటి చీర అంచు కొంచెము ఒక మూలను దాగియుండును. వాడు ఉత్తరము వ్రాయకపోవచ్చును, ఫోను చేయకపోవచ్చును. రాత్రి మాత్రము ఇల్లంతయు వానిపై కప్పబడియుండును.

ప్రాచీనులు బొంతను మరచిపోలేదు. సంస్కృతమున దానికి కంథయని పేరు. భర్తృహరి తన వైరాగ్యశతకమున విరాగికి అతుకులబొంతను ఇచ్చి సకలైశ్వర్యములకంటె దానినే మిన్నగా నెంచినాడు. ఏనుగు లక్ష్మణకవి మొదలగువారి తెనిగింపులు మన బీరువాలోనే యున్నవి, చూడవచ్చును. ఇక బౌద్ధుల వినయ గ్రంథములలో, మగధదేశపు పొలములను, వాని నడుమ గట్లను చూపి, భిక్షువుల చీవరములను ఆ రీతిగా ముక్కలు కూర్చి కుట్టవచ్చునాయని బుద్ధుడు ఆనందుని అడిగినట్లు కలదు. మన భీమిలి దారిలో తొట్లకొండపై 1988 మొదలు 1993 వరకు జరిగిన త్రవ్వకములలో విహారము బయల్పడినది. రెండువేల యేండ్ల క్రిందట అచ్చట కూర్చుండి మనము చూచుచున్న ఈ సముద్రమునే చూచిన భిక్షువులు కూడ అట్టి అతుకుల బట్టలే కట్టియుందురు.

ఇందు నాకొక భేదము తోచినది. విరాగి బొంతలోని ముక్కలు వీధిలో దొరకినవి. ఎవరివో అతడెరుగడు, ఎరుగగోరడు. మన తల్లి కుట్టిన బొంతలో ఎవరిది కాని ముక్క లేదు. ఎవరివో తెలియని ముక్కలు కుట్టుకొన్నచో వైరాగ్యము, తెలిసినవి కుట్టుకొన్నచో సంసారము. నేను సంసారిని గనుక రెండవ దానినే పొగడుచున్నాను.

ఇతర దేశములవారును ఈ సంసారపు బొంతను ఎరుగుదురు. బీహారులో పుట్టిన బిడ్డలకు పాతచీరలతో సుజని కుట్టుదురు. వంగదేశమున కాంథపై సూదితో బొమ్మలు వ్రాయుదురు. జసీముద్దీన్ అను కవి 1929లో అట్టి కాంథను గూర్చియే ఒక కావ్యము చెప్పినాడు. భర్త దూరమైన పల్లెపడుచు తన కథనంతయు అందు కుట్టును. కర్ణాటకమున ఉత్తర కన్నడ జిల్లాలో నుండు సిద్దీలు, ఆఫ్రికానుండి వచ్చినవారి సంతతివారు, కవంది యను బొంతలు కుట్టి నాలుగు మూలలను చిన్న ముక్కోణపు గుడ్డ పువ్వులు పెట్టుదురు. ఆ పువ్వులు లేని బొంత వారికి బట్టకట్టని మనిషివంటిది.

మరి మనయొద్ద ఎందుకు తగ్గినవి? ఆడవారికి ఓపిక తగ్గినదని మగవారందురు. ఇది అన్యాయపు మాట. ముడిసరుకే పోయినది. నూలుచీరల స్థానమున పాలిస్టరు చీరలు వచ్చినవి. అవి చిరగవు, మెత్తబడవు, చెమట పీల్చవు, పొరమీద పొర నిలువక జారిపోవును. ఎన్నిమార్లు ఉతికినను పాలిస్టరు పాతదగును గాని మృదువు కాదు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో ఖద్దరుకు దూదిని వాలుగచేప దవడతో దువ్వుదురు. చేపకును నూలుకును అంతటి చుట్టరికము గల సీమ మనది. అట్టిచోట నేడొక బొంతకు చాలినంత పాతనూలు ఒక్క ఇంట దొరకుట కష్టముగా నున్నది.

వల సంగతియు ఇట్టిదే. నైలాను వచ్చిన తరువాత వలలు కర్మాగారములలో ముడిపడి వచ్చుచున్నవి. మగవారి చేతిలో అల్లుట పోయి బాగుచేయుట మాత్రము మిగిలినది. ఆకుపచ్చ వలలో నీలపు దారము, దాని ప్రక్కన ఎఱ్ఱ దారము, ఎవరికి దొరకిన దారముతో వారు కన్నులు పూడ్చుదురు. ఇసుకపై ఆరవేసిన పాతవలను దూరమునుండి చూచిన అదియు నొక బొంతయే. ఏ అతుకు ఎవరు వేసిరో తీరువాకనుబట్టి చెప్పగల ముసలివారు ఇంకను కొందరున్నారు. కాని నూలువల తెగి సముద్రములో పడినచో కుళ్ళి కలిసిపోవును. నైలానువల ఏండ్ల తరబడి ఎవరికిని కాక చేపలను పట్టి చంపుచునే యుండును. ఇది ప్రసంగవశమున చెప్పితిని.

ఇక లెక్కకు వచ్చెదను. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల నిడివి గల బొంతను తీసికొందము. అంగుళమునకొక వరుస చొప్పున అరువది వరుసలు. ఒక్కొక్క వరుస ఎనుబదినాలుగు అంగుళములు. అంగుళమునకు నాలుగు కుట్లు వేసినచో వరుసకు 336. అరువది వరుసలకు 20,160 కుట్లు. నిమిషమునకు పది కుట్ల చొప్పున 33 గంటల 36 నిమిషములు. ముక్కలు కూర్చుట, పరచుట ఇందులో చేర్చలేదు. రోజునకు రెండు గంటలే దొరకును గనుక పదునేడు దినములు. 2024-25లో మన రాష్ట్రమున ఉపాధి హామీ కూలి దినమునకు 300 రూపాయలు. ఎనిమిది గంటలు ఒక దినముగా ఆ కుట్లకు కూలి కట్టినచో 1,260 రూపాయలు వచ్చును. అంతకంటె చాల తక్కువకు బజారులో పులిబొమ్మ గల మెత్తని దుప్పటి దొరకును. కావున బొంత నష్టపు బేరమని నా జమాఖర్చు చెప్పుచున్నది.

ఇట్టి లెక్కతో ఒక ప్రమాదము కూడ కలదు. నరసాపురము పరిసరములలో స్త్రీలు కొక్కెపు సూదితో అల్లు లేసు 19వ శతాబ్దిలో మిషనరీలవలన వచ్చి, సముద్రములు దాటి అమ్ముడుపోయినది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయితే మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథములో, ఆ స్త్రీలు దినమంతయు అల్లుచున్నను, ఇంట తీరికవేళ చేయు పనిగా దానిని ఎంచుటచేత వారికి దక్కిన కూలి అత్యల్పమని చూపినది. కావున బొంతను అమ్మకపు వస్తువుగ చేయుదమను ఉత్సాహవంతులకు నాదొక హెచ్చరిక. అమ్మదలచినచో 33 గంటలకును పూర్తికూలి కట్టి అమ్ముడు. కట్టలేనిచో కానుకగా నిండు. తీరికవేళ పనియని చెప్పి సగము కూలికి కుట్టించుకొనవలదు.

నా జమాఖర్చులో గుడ్డకు వెల వేయలేదని మీరు గమనించి యుందురు. ఎంతని వేయుదును? పోయిన అవ్వ చీర చెంగును ఏ దుకాణదారుడును పావలాకు కొనడు. ఆ యింటివారు ఎంత యిచ్చినను అమ్మరు. కొనువాడు లేడు, అమ్మువాడు లేడు. లెక్కలు వ్రాయుచున్న ఇన్నాళ్ళలో ఒక గడిని ఖాళీగా విడిచి సంతకము పెట్టినది ఈ యొక్కచోటనే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరముపై విరుచుకొనిపడినది. కప్పులు లేచిపోయి ఇండ్లలోని సామాను వీధిపాలైనది. తరువాత సహాయముగా దుప్పట్లు వచ్చినవి, ఇచ్చినవారికి పుణ్యము. అన్నియు ఒకే రంగు గనుక ఎవరికేది చేరినను పేచీ లేదు. ఇసుకలో తడిసి, ఒకదానిపై నొకటి పడియున్న బొంతలను మాత్రము తల్లులు ఒక్కొక్కటి లేవనెత్తి, మడత విప్పి, ముక్కలు చూచి, ఇది మాది, ఇది వారిదని పంచుకొనిరి. దస్తావేజులు తడిసి చదువ వీలుకాని ఇండ్లు ఆనాడు నేను చూచితిని. బొంతను చదువలేకపోయిన ఇల్లు ఒక్కటియు లేదు.

ఇప్పుడు మనవి. ఈ ఇరువదియైదేండ్లుగా తెల్లవారగనే ఈ తలుపు తీసి, ఊడ్చి, పుస్తకముల దుమ్ము దులిపి, రాత్రి తాళము వేయుచున్న ఆమెను మనమందరము అప్ప యని పిలుచుచున్నాము. ఇదిగో, ఆ తలుపు దగ్గరనే నిలుచున్నది. ఆమెకు చదువు రాదు. అయినను అట్టపై కాలికో గుడ్డ రంగునుబట్టి, కుట్టు తీరునుబట్టి ఏ పుస్తకము ఎచటనున్నదో మనకంటె ముందు చెప్పును. శాంతిపర్వము కావలెనని అడిగినచో, ఎఱ్ఱట్టలలో మూల నలిగినది గదా బాబూ యని తెచ్చి చేతిలో పెట్టును. ఈ నెలాఖరున ఆమె అల్లుని ఉద్యోగరీత్యా అరకులోనున్న కూతురి యింటికి వెళ్ళిపోవుచున్నది. అక్కడ చలి యెక్కువ.

కార్యవర్గమువారు ఆమెకు శాలువ కప్పదలచిరి. తప్పులేదు. కాని నేను లెక్కలు వ్రాసిన సంఘములలో శాలువల పద్దు చూచినవాడను. ఒక సభలో కప్పిన శాలువ మరియొక సభలో మరియొకరి భుజమున ప్రత్యక్షమగుట నాకు కొత్త కాదు. శాలువకు బదులు బొంత కుట్టుదము. ఆరంగుళముల చదరములైనచో వెడల్పున పది, నిడివిన పదునాలుగు, వెరసి నూటనలుబది ముక్కలు. చందాదారులు అంతకంటె ఎక్కువమందియే యున్నారు గనుక ఇంటికొక ముక్క చాలును. అంచు మడతకు అరంగుళము చొప్పున నలువైపుల విడువవలెను గనుక ఏడంగుళముల చదరము తెండు. నూలుగుడ్డ కావలెను, పాలిస్టరు వలదు. వెలిసినను, చిరిగినను ఫరవాలేదు, ఉతికి తేవలెను. మూలలకు పుస్తకముల అట్టలకు వాడగా మిగిలిన కాలికో ముక్కలు, ఎఱుపు, పచ్చ, నీలము, మన బీరువా క్రింద నున్నవి. వానిలోని గంజి పోవునట్లు రెండుమార్లు నానవేయవలెను. ఏ వరుసలో ఏ గడిలో ఎవరి గుడ్డ పడినదో నేనొక పుస్తకమున వ్రాసి ఉంచెదను. అప్పకు మాత్రము కుట్టిన తల్లులు దగ్గర కూర్చుండి నోటితో చెప్పవలెను. ఒకమారు విన్నచో ఆమె మరువదు.

గురువారము మొదలు ప్రతిదినము మధ్యాహ్నము రెండు గంటలనుండి నాలుగు గంటలవరకు వసారాలో పని జరుగును. గ్రంథాలయమున సూదులేమిటని ఒక పెద్దమనిషి నన్ను నిన్న ప్రశ్నించిరి. ఆయన కోరినచో ఆ రెండు గంటలును కుట్టువారికి వినబడునట్లు భారతము చదువవచ్చును, కుర్చీ వేయించెదము. ఒక్కరు కుట్టిన పదునేడు దినములు. ఎనిమిదిమంది కూర్చున్నచో మూడు దినములలో కుట్టు ముగియును. ముక్కలు కూర్చుటకు మరి రెండు దినములు వేసికొనుడు. సూదులు, దారము ఖర్చు గ్రంథాలయపు పద్దు.

మా యింటి ముక్క నేను తెచ్చితిని. మా అమ్మగారి నేతచీర, చిలుకపచ్చ, అంచు కొంచెము వెలిసినది. కార్యదర్శిగారు పుచ్చుకొని రసీదు ఇప్పింతురు గాక.